ముద్ర లేని పాట

చాలా రోజుల తరువాత ఈ బ్లాగు తలుపు తీశాను. దుమ్ము దులుపుకొంటూ రాస్తున్నాను గనుక అక్కడక్కడ తడబాటు కనిపిస్తే పాతమిత్రులు మన్నింతురు గాక.

మొన్న ఆత్మకూరులో మా ఇంటికి ఒక పూర్వవిద్యార్థి వచ్చాడు. ఉదయగిరి దగ్గర పల్లెవాడు. పదవ తరగతిలో నా వద్ద ఛందస్సు చదివాడు. ఛందస్సు మరచిపోయాడు గాని గొంతు మిగిలింది. ఇప్పుడు మరో ముగ్గురితో కలిసి తత్వాలు, నాటక పద్యాలు, సొంతంగా కట్టుకొన్న పాటలు పాడుతున్నాడు. సినిమా అండ లేదు, కంపెనీ అండ లేదు. "సార్, ఏ మైకు కొనమంటారు? ఎక్కడ రికార్డు చేస్తే బాగుంటుంది? జనానికి చేరేదెట్లా?" అని మూడు ప్రశ్నలూ ఒక్క ఊపిరిలో అడిగాడు.

తెలుగు పండితుణ్ణి మైకు గురించి అడగడం వింతగానే ఉంటుంది. కాని ఈ విషయంలో నాకు సుమారు నలభై ఏళ్ళ నాటి బాకీ ఒకటి ఉంది. అందుచేత కుర్చీ చూపించి, కృష్ణదేవరాయల దగ్గర మొదలుపెట్టాను. వాడి ముఖం చిన్నబోయింది. అయినా వదలలేదు.

ఉదయగిరి దుర్గం గజపతుల చేతిలో ఉండగా రాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో గెలిచాడు. కొండమీది బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, అక్కడ కొత్తగా గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. హంపీకి వెళ్ళినవారు ఆ కృష్ణాలయాన్ని చూసే ఉంటారు. విగ్రహం మాత్రం నేడు అక్కడ లేదు, చెన్నై మ్యూజియంలో ఉంది. ఉదయగిరిలో మిగిలినది శిథిలమే. అయినా ఆ స్వామి ఏ కొండవాడో మనకెట్లా తెలిసింది? రాయలు శాసనం వేయించాడు గనుక తెలిసింది. వస్తువు మూడు ఊళ్ళు మారినా దాని ఊరిపేరు పోలేదు. మన పాటలకు అట్టి అదృష్టం పట్టలేదు. నా శిష్యుడికి చెప్పదలచినది ఇదే.

పాటను గ్రామఫోను పలకమీద పట్టే విద్య మన దేశానికి 1902లో వచ్చింది. ఆ ఏడు చివర గ్రామఫోను కంపెనీవారి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో దిగి, గౌహర్ జాన్ మొదలైనవారి పాటలను మైనపు పలకలమీద ఎక్కించాడు. అప్పటికి మైకు లేదు. గాయని ఒక పెద్ద రేకుబూరలోకి తలవంచి బిగ్గరగా పాడాలి. ఆ ఊపిరి బలమే సూదిని కదిపి గాడి గీయాలి. పాట పూర్తి కాగానే గౌహర్ జాన్ ఇంగ్లీషులో తన పేరు చెప్పేది. అది డాంబికమని చాలామంది అనుకొంటారు. అచ్చులు తయారయ్యేది జర్మనీలోని హానోవరు నగరంలో. అక్కడి పనివాళ్ళకు ఏ పలక ఎవరిదో తెలియాలి గదా! పేరు పలకకపోతే ఒకరి పాట మీద మరొకరి కాగితం అంటించే ప్రమాదం ఉంది. మన వాగ్గేయకారులు చివరి చరణంలో పెట్టే ముద్ర కూడా ఇదే పని చేస్తుంది. తాళపత్రం చిరిగినా, పాడేవాడు పేరు మరచినా, పాటలోనే కర్త ఉంటాడు.

ఆ తరువాత కలకత్తాలో కర్మాగారం పెట్టారు. ప్లేటుకు కావలసిన లక్క మన దేశపు అడవులదే. పది అంగుళాల ప్లేటు ఒక ప్రక్క మూడు నిమిషాలు, మహా అయితే కాస్త పైన. మన రంగస్థలం మీద రాత్రంతా సాగే పద్యాన్ని ఆ మూడు నిమిషాల్లోకి కుదించవలసి వచ్చింది. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి మహానటగాయకుల పద్యాలు ప్లేట్లమీదనే పల్లెపల్లెకూ చేరినవి. 1925 ప్రాంతాన విద్యుత్ మైకు వచ్చిన తరువాత బూరలోకి అరవవలసిన పని తప్పింది. సన్నని గొంతులకు, మెల్లని పలుకుకు చోటు దొరికింది. ఘంటసాల గొంతులో కరుణశ్రీగారి పుష్పవిలాపం మన ఇళ్ళలో కంటతడి పెట్టించిందంటే అందులో కవి పాలు, గాయకుడి పాలు ఎంతో, మైకు పాలూ కొంత ఉంది.

మా పడమటి నెల్లూరు పల్లెల్లో నాటకం నేర్పే హార్మోనిస్టులు ఉండేవారు. తిరునాళ్ళకు రెండు మూడు నెలల ముందు ఊళ్ళో మకాం వేసి, మడక దున్నేవాడి చేత కృష్ణరాయబారం పాడించేవారు. ప్లేటు మీద విన్న వరుసను హార్మోనియం మీద పట్టి, మా వాళ్ళ గొంతుకు తగినట్లు మార్చేవారు. మద్రాసు నుండి గొంతులు ఇక్కడికి వచ్చినవి. ఇక్కడి గొంతు మద్రాసుకు పోవడం అరుదు. ఉదయగిరి నుండి నెల్లూరికే సుమారు వంద కిలోమీటర్లు, అక్కడి నుండి రైలు. పోయినా కంపెనీవాడు వినాలి గదా.

రేడియో వచ్చి ఈ లోటు తీర్చవలసింది. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలైనవి. స్వరపరీక్ష పెట్టి గాయకులకు శ్రేణులు నిర్ణయించారు. దానివల్ల ఎందరో సామాన్యులకు మేలు జరిగింది, కాదనను. కాని 1940 మార్చి నుండి ఆకాశవాణిలో హార్మోనియం నిషిద్ధం. గమకం పలకదని, విదేశీయమని పెద్దల వాదం. 1971లో గాని ఆ కట్టు కొంత సడలలేదు. పండితుడిగా నేను ఆ వాదంలోని శాస్త్రాన్ని ఒప్పుకొంటాను. అయితే మా పల్లెల హార్మోనిస్టు బ్రతుకంతా ఆ పెట్టెలోనే ఉంది. వాద్యాన్ని గుమ్మం బయట పెట్టి లోపలికి రమ్మంటే వాడేం పాడతాడు?

నెల్లూరులో హరికథలు చెప్పి ప్రసిద్ధులైన సాంబమూర్తిగారి కుమారుడు బాలసుబ్రహ్మణ్యం 1966లో సినిమాలో తొలిపాట పాడి, తరువాత దేశమంతటా వినిపించారు. కుమారుడి గొంతు వేలాది పాటల్లో భద్రంగా ఉంది. హరికథకులైన ఆ తరం వారిలో ఎందరి గొంతులు నేడు మనం వినగలం?

అసలైన మార్పు క్యాసెట్టుతో వచ్చింది. 1963లో ఫిలిప్స్ వారు దాన్ని లోకానికి చూపినా, మన పల్లెలకు చేరడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఎనబైల్లో గుల్షన్ కుమార్ వంటి వ్యాపారులు ధర దించడంతో గ్రామఫోను కంపెనీ ఏకాధిపత్యం కూలింది. ఊరూరా చిన్న కంపెనీలు వెలిశాయి. ఒక టేపు రికార్డరు, నకళ్ళు తీసే యంత్రం, రంగుల అట్ట అచ్చువేసే ప్రెస్సు ఉంటే చాలు, కంపెనీయే.

క్యాసెట్టుకు ముందే ఒక ముచ్చట చెప్పాలి. 1974లో జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు పల్నాడు వచ్చి, ఆలిసెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడు పాడిన పల్నాటి వీరుల కథను టేపుమీద పట్టుకొన్నాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ నుండి అనువాదగ్రంథం వెలువడింది. అందులో గాలెయ్య పేరు ఉంది. కథ ఎక్కడ, ఎవరు, ఎప్పుడు పాడారో ఉంది. ఎక్కడి పల్నాడు, ఎక్కడి ఆక్స్‌ఫర్డ్! అయినా పేరు పాటను విడిచిపోలేదు.

ఇక నా బాకీ. 1987లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. ఉదయగిరికీ ఆత్మకూరుకూ నడుమ ఒక ఊళ్ళో పాఠశాల. ఆ ఊరి చెక్కభజన బృందానికి పెట్టింది పేరు. దుత్తలూరు దగ్గర నర్రవాడలో జ్యేష్ఠమాసంలో జరిగే వెంగమాంబ పేరంటాలు తిరునాళ్ళలో వాళ్ళు అడుగు వేస్తే జనం కదిలేవారు కాదు. బృందానికి గురువు ఒక చిన్నకారు రైతు, నాకంటే ముప్పై ఏళ్ళు పెద్ద. ఆయన అడిగితే పేరంటాలు కథను ఎనిమిది పాటలుగా రాసి ఇచ్చాను. వరుసలు ఆయనవే.

రాత పూర్తయిన నాడు ఆయన నా గది ముందు అరుగుమీద కూర్చొని అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "అయ్యవారూ, ఆఖరి చరణంలో మా ఊరి పేరు, మాకు చెక్కలు పట్టడం నేర్పించినాయన పేరు పెట్టండయ్యా. ఇనేవాళ్ళకు తెలియాల గదా." తానే ఒక చరణం కట్టుకొని వచ్చాడు కూడా. నేను చూశాను. మాత్రలు తప్పినవి, యతి లేదు. అప్పుడే పట్టా పుచ్చుకొన్న పండితుణ్ణి. ఎర్రసిరాతో కొట్టివేసి, దాని స్థానంలో శుద్ధమైన ఫలశ్రుతి రాసి ఇచ్చాను. ఆయన మారుమాట్లాడలేదు. "మీకు తెలియంది ఏముంది" అన్నాడు.

ఒక పట్టణంలోని కంపెనీకి పదకొండుమందిమి బస్సులో పోయాము. ఒక్కరోజులో ఎనిమిది పాటలూ అయిపోవాలన్నారు. గది నడుమ ఒక మైకు వేలాడదీశారు, హార్మోనియానికి ఇంకొకటి. చెక్కల మోత, ఢోలకు మోత గొంతులను మింగుతుంటే గురువును మైకు దగ్గరికి, చెక్కలవాళ్ళను గోడవారకు జరపమని నేను చెప్పబోయాను. అక్కడివాళ్ళు వినలేదు. సాయంత్రానికి చేతిలో అరవై క్యాసెట్లు, బస్సుఖర్చులు పెట్టి పంపారు. కాగితం లేదు, సంతకం లేదు. అసలు టేపు వాళ్ళ బీరువాలో ఉండిపోయింది. మాకు అడగాలని తోచలేదు.

మరుసటి ఏడు నర్రవాడ తిరునాళ్ళలో గాజుల అంగళ్ళ వరుసలో ఒక క్యాసెట్ల బండి నిలబడి ఉంది. అందులోంచి మా పాటలు! అట్ట వేరు, రంగు వేరు, అమ్మవారి బొమ్మ క్రింద భక్తిగీతాలు అని మాత్రమే ఉంది. పాడినవారు లేరు, రాసినవాడు లేడు, ఊరు లేదు. గురువు దాన్ని అటూఇటూ తిప్పి చూశాడు. పదిహేను రూపాయలిచ్చి కొనుక్కొన్నాడు. తన గొంతును తానే.

చివరి చరణంలో ముద్ర ఉండి ఉంటే, అట్ట ఎన్నిసార్లు మారినా తిరునాళ్ళలో విన్న ప్రతివాడికీ ఆ ఊరి పేరు తెలిసేది. నా యతి నిలిచింది. ఆయన ఊరు పోయింది.

చాలా ఏళ్ళకు చట్టం చదివాను. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచనమీద హక్కు రాసినవాడిదే. రాతపూర్వకంగా సంతకం చేస్తే గాని అది ఇంకొకరికి పోదు. అంటే ఆ పాటల సాహిత్యం నేను అమ్ముకోలేదు, అది అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే. కాని పాడినవాడికి? 1987లో మన చట్టంలో పాడేవాడికి హక్కు అనేదే లేదు. 1994 సవరణతో వచ్చింది. తన పేరు చెప్పించుకొనే హక్కు స్పష్టంగా వచ్చింది 2012లో. ఆ ఎనిమిది పాటలకు ప్రాణం పోసినవాణ్ణి వదిలేసి అక్షరాలు పేర్చినవాణ్ణి కాపాడింది చట్టం. కాపాడినా నేను నోరెత్తలేదనుకోండి.

ఇంతవరకు విని శిష్యుడు, "అయితే సార్, మైకు?" అన్నాడు. న్యాయమే.

వాడికి చెప్పినది మీకూ చెబుతాను. ఖరీదైన కండెన్సరు మైకు సన్నని చప్పుడును కూడా పడుతుంది, దానికి 48 వోల్టుల విద్యుత్తు అందించే పెట్టె వేరే కావాలి. మన ఇళ్ళలో అది గొంతుతో పాటు ఫ్యాను, కోడి, బస్సు హారను కూడా శ్రద్ధగా రాసుకొంటుంది. మన పరిస్థితికి డైనమిక్ మైకు మేలు. సభల్లో చేతపట్టుకొనే రకం, ష్యూర్ వారి ఎస్ఎం58 వంటిది 1966 నుండి ఉంది, క్రింద పడినా చావదు. దాన్ని కంప్యూటరుకు కలిపే చిన్న ఇంటర్‌ఫేసు ఒకటి. ఇవి కొనలేని నాడు సెల్‌ఫోనే చాలు, అయితే దాన్ని పాడేవాడి ముందు జానెడు రెండు జానల దూరంలో, నోటికి కొంచెం ప్రక్కగా స్టాండుమీద నిలపాలి. గదిలో ఇంకొక మూల బల్లమీద పెడితే గోడ పాడిన పాటే వస్తుంది.

గది ముఖ్యం. గుడి మండపంలో పాడితే చెవికి ఇంపు, రికార్డుకు చేటు. రాతి ప్రతిధ్వనిని తరువాత ఎవరూ తీయలేరు. వడ్లబస్తాలు పేర్చిన గది దొరికితే అంతకు మించిన స్టూడియో లేదు. లేదంటే బొంతలు, దుప్పట్లు మూడు వైపులా వేలాడదీయాలి. హార్మోనియం గాలితిత్తి చప్పుడు మైకువైపు రాకుండా తిప్పి పెట్టాలి. చెక్కలు, డప్పు వెనుకకు. మీటరులో ముల్లు ఎర్రగీతను తాకకూడదు. మైనస్ 12 దగ్గర ఆడనిస్తే చాలు. తగ్గిన శబ్దాన్ని పెంచవచ్చు, పగిలిన దాన్ని అతికించలేము. హెచ్చు ధ్వనిలో పాడే నాటక పద్యానికి ఈ జాగ్రత్త మరీ అవసరం. రాగం ఎత్తుకొన్నప్పుడు గాయకుడే ఒక అడుగు వెనక్కు వేయాలి. ఇది బూరల కాలం నాటి గాయకులకు తెలిసిన విద్యే.

ఎంపీత్రీగా కాక వేవ్ ఫైలుగా ఉంచమన్నాను. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియోలో నిమిషానికి సుమారు 17 మెగాబైట్లు, గంట పాట ఒక గిగాబైటు. చౌకైన పెన్‌డ్రైవులోనే ఎంతో పడుతుంది. అది అసలు. అసలు ఎవరి చేతికీ పోకూడదు. నకలు ఇవ్వవచ్చు. మూడు చోట్ల దాచాలి, ఒకటి వేరే ఊళ్ళో. తాళ్ళపాక వారు సంకీర్తనలను రాగిరేకులమీద చెక్కించి తిరుమల కొండమీద అరలో దాచకపోతే అన్నమయ్య మనకు దక్కేవాడా? వాళ్ళకు ఎన్ని ప్రతులు అవసరమో తెలుసు, ఎక్కడ ఉంచాలో తెలుసు.

జనానికి చేర్చడం గురించి నాకు తెలిసినది కొంచెమే. యూట్యూబులో పెట్టేటప్పుడు పేరును ఇంగ్లీషు అక్షరాలతో సరిపెట్టవద్దన్నాను. మనం 2006-07 ప్రాంతాల ఎందుకంత పట్టుబట్టి తెలుగును యూనికోడులో రాశాము? తెలుగులో వెదికినవాడికి తెలుగులో దొరకాలని. పాట క్రింద పాడినవారు, రాసినవారు, వరుస కట్టినవారు, వాద్యకారులు, ఊరు, తేదీ తెలుగులో రాయాలి. అది నేటి శాసనం. అంతటితో ఆగక నర్రవాడలో, పెంచలకోనలో, అనుమసముద్రంపేట దర్గా గంధమహోత్సవంలో నిలబడి పాడాలి. ట్రాక్టరులో, ఆటోలో పాటలు పెన్‌డ్రైవు నుండే మోగుతున్నవి. సెల్‌ఫోను అంగడివాడికి ఇస్తే ఊరంతటికీ ఎక్కిస్తాడు. అందువల్ల డబ్బు రాదు, పిలుపు వస్తుంది. పల్లెగాయకుడికి కూడు పెట్టేది పిలుపే. పాట మొదట్లోనో చివరనో నోటితో పేరు, ఊరు చెప్పమన్నాను, గౌహర్ జాన్ వలె. ఫైలు పేరు ఎవడైనా మార్చగలడు, గొంతులో ఉన్నదాన్ని తీసివేయడం కష్టం.

ఎవరైనా కంపెనీవారు వస్తే కాగితం అడగాలి. ఎంతకాలానికో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళుగానే పరిగణిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశానికి మాత్రమే. అన్నికాలాలకూ, అన్నిదేశాలకూ అని రాసి తెస్తారు. ఆ రెండు మాటల దగ్గర కలం ఆపమన్నాను.

శిష్యుడు ఊరికి పోయి రెండు వారాలకు మళ్ళీ వచ్చాడు. మైకు కొన్నాడో లేదో చెప్పలేదు. చేతిలో ఒక క్యాసెట్టు. మా పాటలదే, పేర్లు లేని ఆ రెండవ అట్టది. గురువుగారు 2001లో కాలం చేశారు. ఆయన ఇంట్లో ఉన్న క్యాసెట్టు వెనుకభాగంలోని చిన్న పలక ఎవరూ విరవలేదు గనుక దానిమీద ఎవరో సినిమాపాటలు ఎక్కించేశారు. ఆ పలక విరిస్తే ఇక దానిమీద రికార్డు కాదని వాళ్ళకు చెప్పవలసినవాణ్ణి నేనే. ఇది ఒక మైకుసెట్టు ఆసామి పెట్టెలో అడుగున దొరికిందట.

బూజు పట్టి, టేపును వెనుకనుండి నొక్కే దూదిముక్క ఊడిపోయి ఉంది. మరలు ఉన్న ఇంకొక డొక్కులోకి టేపును మార్చాము. హెడ్డును స్పిరిట్టుతో తుడిచి, దాని ప్రక్క మరను సన్నని స్క్రూడ్రైవరుతో తిప్పుతూ పోతే మసక వీడి చెక్కల ధ్వని తేటపడింది. అయినా గొంతు గురువుగారిది కానట్లు పీలగా ఉంది. నకలు తీసినప్పుడో, మా యంత్రంలోనో వేగం హెచ్చింది. ఎంత హెచ్చిందో తేల్చేదెట్లా? ఆ హార్మోనియం భజనమందిరంలో ఇంకా ఉంది. దాన్ని తెప్పించి మీటలు నొక్కి పోల్చాము. సరిగ్గా ఒక మీట పైన ఉంది. ఒక మీట అంటే వేగంలో సుమారు నూటికి ఆరు పాళ్ళు. అంత తగ్గించగానే మనిషి వచ్చి అరుగుమీద కూర్చొన్నట్లు వినిపించాడు. ఆకాశవాణి గుమ్మం బయట ఉంచిన పెట్టే సాక్ష్యం చెప్పింది.

రెండవ ప్రక్క చివర నా ఫలశ్రుతి ముగిసింది. ఆ తరువాత టేపు ఆపడంలో క్షణం ఆలస్యమైనట్లుంది. చెక్కలు క్రింద పెట్టిన చప్పుడు, ఎవరో దగ్గడం, వెంటనే గురువుగారి గొంతు, "అయిపోయిందా అయ్యవారూ?"

ఆ ముక్కను కత్తిరించవద్దని చెప్పాను. ఫైలు పేరులో ఊరు, గురువుగారి పేరు, ఆయనకు నేర్పినవారి పేరు, 1987 అని తెలుగులో రాయించాను. ఆ కుటుంబం అనుమతి ఇచ్చిన తరువాత ఇక్కడ పెడతాను. ఎర్రసిరాతో నేను కొట్టివేసిన చరణం కోసం పాత నోటుపుస్తకాలన్నీ వెదికాను, దొరకలేదు. గురువుగారి కోడలికి మొదటి పాదం జ్ఞాపకముంది, రెండవది లేదు.

బృందంలో పదిమంది పేర్లు కుదిరినవి. ఢోలకు వాయించినతని పేరు మాత్రం ఎవరికీ అందడం లేదు. వింజమూరు వైపు నుండి ఆ ఒక్కరోజుకు వచ్చినవాడు, ఎడమచేతివాటం. ఈ పుట చదివేవారిలో ఆ ప్రాంతంవారు ఎవరైనా ఉంటే, ఇంట్లో పెద్దలను ఒకమాట అడిగి చూడగలరు.